తీరంలో కాండోలు పెరిగితే చిన్న వ్యాపారాలు ఏమవుతాయి?

నమస్కారం. చిన్న హోటళ్లు, లాడ్జీలు ఉన్న చోట కాండో భవనాలు (ఒక్కో ఫ్లాటు ఒక్కొక్కరికి సొంతమైన అపార్ట్‌మెంట్లు) లేచిన తీర పట్టణాల్లో వ్యాపారం చేసినవారి అనుభవం నాకు కావాలి.

హోటల్ గదికి తరచుగా కొత్త అతిథి వస్తాడు. కాండో సొంతదారు ఏడాదిలో కొన్ని వారాలే ఉంటే మిగతా కాలమంతా ఆ ఇల్లు తాళమే. ఉన్న రోజుల్లోనూ వంట చాలావరకు ఇంట్లోనే. మరి దుకాణాలు, ఫలహారశాలలు ఎవరిని నమ్ముకోవాలి? ఆ ఫ్లాట్లను పర్యాటకులకు అద్దెకిస్తే రద్దీ నిలుస్తుంది గాని, అద్దెలు పెరిగి పనివారికి ఇళ్లు దొరకవు. నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్నది ఇదే. వంటవారు, గదులు శుభ్రం చేసేవారు ఊరు విడిచిపోతే పర్యాటకం ఎలా నడుస్తుంది?

పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు నాటికి పూర్తిగా ముగిస్తామని స్పెయిన్‌లోని బార్సిలోనా 2024లో ప్రకటించింది. కెనడాలోని వాంకూవర్‌లో 2017 నుంచి ఖాళీ ఇళ్లపై పన్ను ఉంది. ఇవి పెద్ద నగరాలు. చిన్న పట్టణాల్లో ఇలాంటి నిబంధన, లేదా కింది అంతస్తును దుకాణాలకే కేటాయించాలన్న షరతు ఎక్కడైనా పనిచేసిందా? నిర్మాణం సాగిన ఏళ్లలో పడిపోయిన అమ్మకాలు తర్వాత కోలుకున్నాయా? ఏ కాలంలో, ఏ రకం వ్యాపారానికి అన్నది కూడా దయచేసి రాయండి.