మాస్టారిని గ్రూపులోంచి తీసేశాను, తప్పు చేశానా?

విల్లివాక్కం వదిన (ప్రశ్న):

చెన్నైలో మా అపార్ట్‌మెంట్‌లో పదకొండు తెలుగు కుటుంబాలున్నాయి. వాట్సాప్ గ్రూపుకి నేనే అడ్మిన్‌ని. మోటారు కాలింది, పాలవాడు రాలేదు, గోంగూర ఎవరికైనా కావాలా, ఇంతకు మించి అందులో ఏమీ ఉండదు.

పోయిన ఆదివారం రెండో అంతస్తు అమ్మాయి అడిగింది: "బాబుకి 9 నెలలు నిండాయి, తట్టు టీకా వేయించాలి. కాస్త ముక్కు కారుతోంది, ఆగాలా?" అంతే, కింది ఇంటి మాస్టారు అందుకున్నారు. నెల్లూరులో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. "నేను కోవిషీల్డ్ రెండూ వేయించుకున్నా, బూస్టరూ వేయించుకున్నా. అయినా కోవిడ్ వచ్చింది. టీకాలన్నీ దండగ" అని పెట్టారు. ఎదురింటాయన ఊరుకుంటాడా? రాత్రి పదకొండుకి చూస్తే నూట నలభై మెసేజీలు. ఆ అమ్మాయికి మాత్రం ఒక్కరూ జవాబివ్వలేదు.

"మాస్టారూ, ఇక చాలండి" అని రెండుసార్లు రాశాను. "అప్పట్లో ఆసుపత్రిలో చేరినవాళ్లలో ఎక్కువమంది టీకా వేయించుకున్నవాళ్లే, లెక్క మీరే చూసుకోండి" అన్నారు. తీసేశాను.

పొద్దున పాల బూత్ దగ్గర ఎదురుపడ్డారు. నా వంక చూడకుండా ఆవిన్ ప్యాకెట్ మీద తేదీ చదువుతూ నిలబడ్డారు. ఇంటికొచ్చేసరికి నా స్టీలు డబ్బా శుభ్రంగా తోమి గుమ్మం ముందు పెట్టి ఉంది, ఖాళీగా. వాళ్లావిడ ఎప్పుడూ డబ్బా ఖాళీగా తిరిగిచ్చే మనిషి కాదు.

తీసేయడం తప్పా? ఆయన లెక్కకి జవాబేమిటి? నాకు నిజంగా తెలియలేదు, అదింకా బాధగా ఉంది.

అంబత్తూరు అల్లుడు:

తప్పేం లేదండి. రెండుసార్లు చెప్పారు కదా. మా గ్రూపులో అడ్మిన్ మొహమాటపడి ఊరుకున్నాడు. చివరికి మోటారు కాలిందన్న మెసేజి కూడా ఎవరికీ కనపడక రెండు రోజులు నీళ్లు మోసుకున్నాం.

పిల్లల వార్డు సిస్టర్:

ముందు ఆ బాబు సంగతి. మామూలు జలుబుకి టీకా ఆపక్కర్లేదు. జ్వరం గట్టిగా ఉంటేనే డాక్టర్‌ని అడగండి. 9 నెలలకి వేసే డోసుతో నూటికి 85 మంది పిల్లలకి రక్షణ వస్తుంది. మిగిలినవాళ్ల కోసమే 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. అది మర్చిపోవద్దని చెప్పండి, చాలామంది మర్చిపోతారు.

ఇక మాస్టారి లెక్క. అది అబద్ధం కానక్కర్లేదు, సగంలో ఆపేశారంతే. ఉదాహరణకి అనుకుందాం: 1000 మందిలో 900 మంది వేయించుకున్నారు, 100 మంది వేయించుకోలేదు. మొదటివాళ్లలో 18 మంది, రెండోవాళ్లలో 10 మంది ఆసుపత్రిలో చేరారు. వార్డులోకి వెళ్లి చూస్తే 28 మంచాల్లో 18 టీకా వేయించుకున్నవాళ్లవే! కానీ 900లో 18 అంటే నూటికి ఇద్దరు, 100లో 10 అంటే నూటికి పదిమంది. ఆయన మంచాలు లెక్కపెట్టి, బయట ఉన్న ఊరిని వదిలేశారు.

పెరంబూరు తాతయ్య:

అమ్మా, నేను మాస్టారి వైపు కాస్త మాట్లాడతాను. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య మొదట 4 నుంచి 6 వారాలన్నారు. 2021 మార్చిలో 6 నుంచి 8 అన్నారు, మేలో 12 నుంచి 16 అన్నారు. ఎందుకో కూర్చోబెట్టి చెప్పినవాడు లేడు. నేనూ అప్పుడు విసుక్కున్నవాణ్ణే.

మన పక్కనే అప్పటి చెంగల్పట్టు జిల్లాలో 1968లో బీసీజీ మీద, అంటే టీబీ రాకుండా వేసే టీకా మీద, పెద్ద ట్రయల్ మొదలుపెట్టారు. ఐసీఎంఆర్, అంటే కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ వాళ్లది. రెండున్నర లక్షల మందికి పైనే. కొందరికి బీసీజీ, కొందరికి టీకా లేని ఉత్తి సూది, ఎవరికేది పడిందో తెలియదు. ఏళ్ల తరబడి వెంటపడి చూస్తే, పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల టీబీని అది ఆపలేదని తేలింది. దాచుకోకుండా ప్రకటించారు. మరి ఇప్పటికీ పుట్టిన బిడ్డకి బీసీజీ ఎందుకు వేస్తున్నాం? పసివాళ్లలో మెదడు పొరలకి పాకే టీబీని బాగా అడ్డుకుంటుంది కాబట్టి. కోవిడ్ టీకా కూడా అంతే, జలుబూ జ్వరం రాకుండా ఆపడంలో వెనకబడింది, ఆక్సిజన్ మంచం దాకా వెళ్లకుండా చూడటంలో నిలబడింది. మాస్టారికి కోవిడ్ వచ్చింది, నిజమే. ఎక్కడ తగ్గింది, ఇంట్లోనా ఐసీయూలోనా, అది అడగండి.

నా మట్టుకు నేనైతే కషాయం అమ్ముకునేవాణ్ణి తీసేస్తాను, అడిగే మనిషిని ఉంచుతాను.

అంబత్తూరు అల్లుడు:

తాతగారూ, ఆయన అడగలేదు, దండగ అని తేల్చేశారు. అదీ పసిబిడ్డ తల్లి ముందు.

విల్లివాక్కం వదిన:

రెండూ నిజమే అనిపిస్తోంది. బుధవారం కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రంలో బాబుకి టీకా వేయించారు. సాయంత్రం డబ్బాలో కొబ్బరి పచ్చడి పెట్టుకుని కిందికి వెళ్లాను. సిస్టర్‌గారి లెక్క కాగితం మీద రాసి చూపించా. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"ఈ 18 ఎక్కడిదమ్మా?"

"ఊరికే అనుకున్న లెక్కండి."

"అయితే పైన 'అనుకొనుము' అని రాయాలి కదా" అని ఎర్ర పెన్నుతో రాశారు. కోవిడ్ ఎక్కడ తగ్గిందని అడిగితే, వాళ్లావిడే వంటింట్లోంచి "ఇంట్లోనే, మూడు రోజులు మిరియాల చారు తాగి" అంది. ఆయన మాట్లాడలేదు.

గ్రూపులోకి మళ్లీ చేర్చమంటారా అంటే, ఎదురింటాయన ముందు సారీ చెప్పాలట. పచ్చడి మాత్రం తీసుకున్నారు. డబ్బా ఇంకా రాలేదు.