గోల్ఫ్ గ్రీన్ మీద నీళ్లు ఇంకని మచ్చలు: ఏ వెట్టింగ్ ఏజెంట్ కొనాలి?

బెంగళూరు_గడ్డి: మా గోల్ఫ్ క్లబ్బులో ఇసుకతో కట్టిన గ్రీన్లు (బంతిని గుంతలోకి కొట్టే చోట్లు), బెర్ముడా గడ్డి. ఫిబ్రవరి నుంచి అక్కడక్కడా పళ్లెమంత మచ్చలు ఎండిపోతున్నాయి. రాత్రంతా స్ప్రింక్లర్ తిప్పినా పొద్దున తవ్వితే పైన తడి, కింద పిండిలాంటి పొడి ఇసుక. డీలరు మూడు రకాల వెట్టింగ్ ఏజెంట్లు (ఇసుకలోకి నీళ్లు ఇంకేలా చేసే మందులు) చూపించాడు. ఏది కొనమంటారు?

చెన్నై_మాలి: డబ్బులు తర్వాత, ముందు ఒక ప్లగ్ (గడ్డితో సహా నిలువుగా తవ్విన మట్టి ముక్క) తియ్యి తమ్ముడూ. నీడలో బాగా ఆరనిచ్చి, పడుకోబెట్టి, పైనుంచి కిందికి సెంటీమీటరుకో నీటిచుక్క వెయ్యి. 5 సెకన్లలో ఇంకిపోతే తప్పు ఇసుకది కాదు, స్ప్రింక్లర్ నాజిల్ చూసుకో. నిలబడితేనే మందు పని.

బెంగళూరు_గడ్డి: వేశానన్నా! థాచ్ (గడ్డి మొదట్లో పేరుకున్న ఎండు పొర) కింద 4 సెంటీమీటర్ల దాకా తామరాకు మీద బొట్టే. నిమిషం దాటినా కదల్లేదు. ఆ కింద వేసిన చుక్క మాత్రం టక్కున మాయం. ఇసుక నీళ్లు వద్దనడమేంటి?

మట్టి_పిచ్చి: కుళ్లిన వేర్లు, బూజుల నుంచి మైనంలాంటి పూత రేణువులకు పడుతుంది. బాగా ఎండితే అది నీటిని తోసేస్తుంది. వెట్టింగ్ ఏజెంట్ అణువు ఒక కొసతో ఆ మైనాన్ని, ఇంకో కొసతో నీటిని పట్టుకుంటుంది. ఫెయిర్‌వే (గ్రీన్ దాకా సాగే గడ్డి మైదానం) ఎర్రమట్టిలో నీళ్లు జారిపోతుంటే అది వేరే జబ్బు, తొక్కుడుకి గట్టిపడటం. అక్కడ ముందు హాలో టైన్‌తో (మట్టిని పెకలించే బోలు మేకులతో) రంధ్రాలు చేయించండి.

కోలార్_రైతు: 2024 మార్చిలో బెంగళూరులో తాగునీటితో తోటలు తడపొద్దన్నప్పటి నుంచి మాకు ఎస్‌టీపీ నీళ్లే (శుద్ధి చేసిన మురుగునీళ్లు). దానికీ ఇదే మందా?

మట్టి_పిచ్చి: కాదండీ. ఆ నీళ్లలో సోడియం ఎక్కువుంటే బంకమట్టి చెదిరి రంధ్రాలు పూడుకుంటాయి. దానికి జిప్సం వేసి, ఉప్పును కిందికి కడగాలి. నీటి పరీక్ష చేయించి చూడండి.

చెన్నై_మాలి: ఇక మందు సంగతి. 'నీరు పట్టి ఉంచేది', 'కిందికి దింపేది' అని అమ్ముతారు. డబ్బా మీది మాట నేను సగమే నమ్ముతాను. స్ప్రే చేసే ముందు మచ్చల మీద ఒకచోట ప్లైవుడ్ ముక్క కప్పి, తర్వాత తీసెయ్యి. నెల తిరిగాక కప్పిన చోటునీ పక్కనీ పోల్చి, మళ్లీ నీటిచుక్కలు వెయ్యి. ఫలితం నీ ఇసుకే చెబుతుంది.

పోయినేడు మధ్యాహ్నం కొట్టించాను. సరిగ్గా అప్పుడే నీళ్ల పంపు ట్రిప్ అయి ఆగిపోయింది. సాయంత్రం దాకా మందు ఆకు మీదే ఉండిపోయింది. మర్నాడు బూమ్ (స్ప్రేయర్ అడ్డకడ్డీ) వెళ్లిన దారంతా ఆకు కొసలు మాడి చారలు! కమిటీ ముందు ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. తెల్లవారుజామునే కొట్టు, వెంటనే లేబుల్ మీద రాసినన్ని నీళ్లు పెట్టు.

కోలార్_రైతు: గిన్నెల సబ్బు నీళ్లు చాలవా మరి, చవగ్గా?

చెన్నై_మాలి: ఆ ప్రయోగం మీ ఇంటి లాన్ మీద చేసుకోండి బాబూ, ఆకు మాడుతుంది.

బెంగళూరు_గడ్డి: ఏడో గ్రీన్ మీద రేపు 5 గంటలకి కొట్టిస్తున్నా. ప్లైవుడ్ దొరకలేదు, క్లబ్బు స్టోర్‌లో పాత క్యారమ్ బోర్డు ఉంది. దాన్నే కప్పుతున్నా.