పత్రిక పాత సంచికలు గూగుల్‌లో దొరకడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతసంచిక (ప్రశ్న):
నమస్కారమండి. మేము నడిపే చిన్న సాహిత్య పత్రిక సంచికలన్నీ మొదటి నుంచీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరులో ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లతో కూర్చినవే కావడంతో, వాటిని పీడీఎఫ్‌లుగా మార్చి వెబ్‌సైటులో పెట్టాము. రచయిత పేరుతో వెతికినా, కథ పేరుతో వెతికినా మా సైటు రావడం లేదు. ఫోనులో చదవలేకపోతున్నామని పాఠకులు కూడా అంటున్నారు. పేజీ కోడులో పాఠకులకు కనబడకుండా ఉండే మెటా ట్యాగులో కీవర్డులు (వెతికే మాటలు) దండిగా చేర్చమని ఒకరు, నెలనెలా డబ్బు కడితే మొదటి పేజీలోకి తెస్తామని మరొకరు చెబుతున్నారు. అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు.

అచ్చుపని:
డబ్బు మాట పక్కన పెట్టి, ముందు మీ పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలూ వింత గుర్తులూ వస్తే గూగుల్‌కు అందుతున్నది కూడా అదే. పాత ఫాంట్లలో లోపల ఉండేవి లాటిన్ సంకేతాలు; వాటికి తెలుగు అక్షరాల రూపం తొడిగారు, అంతే. ప్రతి లిపిలోని అక్షరాలకూ విడివిడి సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణం 1991లో వచ్చింది; దాని తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కినా, మన అచ్చు రంగం చాలాకాలం పాత పద్ధతినే అంటిపెట్టుకుంది. పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి గానీ, వాటిలో ఒత్తులూ క్రారవడులూ తారుమారు కావడం మామూలే కాబట్టి ప్రూఫు చూడక తప్పదు.

చదువరి:
కీవర్డుల మెటా ట్యాగును ర్యాంకింగులో లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఇంకా ఆ సలహా ఇచ్చేవారిని నమ్మకండి. ఒక్కో రచనకు ఒక్కో పేజీ పెట్టి, దాని టైటిల్‌లో రచన పేరు, రచయిత పేరు రాయండి. ప్రతి పేజీకీ పత్రిక పేరొక్కటే టైటిల్‌గా ఉంటే వెతికేవారికీ తెలియదు, గూగుల్‌కూ తెలియదు. ఫోను సంగతికి వస్తే, సైటు రూపాన్ని నిర్ణయించే చాలా థీములు ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని వరుసల ఎడాన్ని నిర్ణయిస్తాయి. ఆ ఎడంలో ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి మాటల కింది ఒత్తులు తరువాతి వరుసలోని గుడులను తాకి చదువు కష్టమవుతుంది. అక్షరం పరిమాణానికి 1.7 రెట్లయినా ఎడం ఇవ్వండి. పేజీ భాష తెలుగు అని కోడులో తెలిపితే, చూపులేని పాఠకులకు తెరమీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడరు తెలుగు గొంతును ఎంచుకోగలుగుతుంది.

దారిచూపు:
పేజీ చిరునామాలను తెలుగులో పెట్టాలని మీకు అనిపించవచ్చు. గూగుల్‌కు అభ్యంతరం లేదు గానీ, వాటిని కాపీ చేసి పంపినప్పుడు చాలాచోట్ల ఒక్కో యూనికోడ్ సంకేతం తొమ్మిది గుర్తులుగా మారుతుంది. ‘తెలుగు’ అన్న ఒక్క మాటే 54 గుర్తుల తోక అవుతుంది. అందుకే ఇంగ్లీషు లిపిలో పొట్టి చిరునామాలే మేలని నా అభిప్రాయం.

అచ్చుపని:
ఈ ఒక్క విషయంలో దారిచూపు గారితో ఏకీభవించలేను. బ్రౌజరులో తెలుగు చిరునామా తెలుగులోనే కనిపిస్తుంది, పాఠకుడికి అది ముచ్చటగానే ఉంటుంది. ఏది ఎంచుకున్నా మళ్లీ మార్చకండి. మార్చవలసి వస్తే పాత చిరునామాకు వచ్చినవారిని కొత్తదానికి శాశ్వతంగా మళ్లించే 301 రీడైరెక్టు పెట్టండి.

పాతసంచిక:
అతికించి చూశాను, మీరన్నట్టే ఒక్క తెలుగు అక్షరమూ రాలేదు. అన్ని సంచికలనూ మార్చడానికి మా దగ్గర మనుషులు లేరు. పీడీఎఫ్‌లు తీసివేయాలా?

చదువరి:
తీసివేయనక్కరలేదు, డౌన్‌లోడు కోసం ఉంచండి. ముందుగా ప్రతి సంచిక విషయసూచికను మాత్రం యూనికోడ్‌లో టైపు చేసి, ఒక్కో సంచికకు ఒక పేజీగా పెట్టి, అందులోంచి ఆ పీడీఎఫ్‌కు లంకె ఇవ్వండి. రచయితల పేర్లూ కథల పేర్లూ ఉండేది అక్కడే కాబట్టి పూర్తి పాఠం సిద్ధం కాకముందే వాటితో వెతికేవారు మీ సైటుకు రాగలుగుతారు. ఆ తరువాత ఎక్కువమంది తెరుస్తున్న సంచికల నుంచి పాఠం మార్చుకుంటూ వెళ్లవచ్చు.