చర్చ: సెలవులకు స్వదేశం వచ్చే పిల్లలను బాలల ఆశ్రమాల్లో సేవకు పంపవచ్చా?

డాలస్ తండ్రి:
సభ్యులందరికీ నమస్కారం. ఈ జూన్‌లో మేము కుటుంబంతో విజయవాడ వస్తున్నాం. బంధువులను చూడటం, అరకు తిరగడం అయ్యాక మా పదహారేళ్ల అమ్మాయి రెండు వారాలపాటు ఒక బాలల ఆశ్రమంలో ఉండి అక్కడి పిల్లలకు ఇంగ్లీషు నేర్పుతానంటోంది. ఇలాంటివి కుదిర్చిపెట్టే ఒక సంస్థ బస, భోజనం, ధ్రువపత్రం కలిపి రుసుము అడుగుతోంది. కళాశాల ప్రవేశానికి ఈ సేవ పనికొస్తుందన్న ఆలోచన మాకు లేదని అనను, కాని అమ్మాయి ఉత్సాహం మాత్రం నిజమైనదే. మిత్రుల్లో కొందరు ఇది తప్పంటున్నారు. ఎందుకు తప్పో వివరంగా తెలుసుకోవాలని ఇక్కడ అడుగుతున్నాను.

పాతబడి పంతులు:
ప్రభుత్వ పాఠశాలలో పనిచేసి విరమించినవాణ్ని కనుక ముందు చదువు సంగతి చెబుతాను. మన రెండు రాష్ట్రాల్లోనూ వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచేది జూన్ రెండో వారంలో, సాధారణంగా 12వ తేదీన. అమెరికా పిల్లలకు తీరిక దొరికే వేళకు ఇక్కడ ప్రవేశాలు, పాఠ్యపుస్తకాల పంపిణీ, వెనుకబడిన పిల్లలను గుర్తించి వేరే కూర్చోబెట్టడం వంటి పనులతో ఊపిరాడదు. ఆ సమయంలో వచ్చిన ప్రతి బృందమూ ఇంగ్లీషు అక్షరాలతో, రంగుల పేర్లతో, శరీర భాగాల పాటతో మొదలుపెట్టి, అది పూర్తయ్యేలోపు ఫొటోలు దిగి వెళ్లిపోతుంది. మరుసటి బృందం మళ్లీ ఆ అక్షరాల దగ్గరే మొదలుపెడుతుంది. పిల్లలు మర్యాదకు అన్నీ కొత్తగా వింటున్నట్టే కూర్చుంటారు.

ఆశ్రమాల విషయం ఇంతకంటే సున్నితమైనది. కాంబోడియాలో 2005, 2010 సంవత్సరాల మధ్య పర్యాటకుల రాక పెరగడంతో పాటే అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగిందని, వాటిలోని పిల్లల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ వెల్లడించింది. సేవ చేయడానికి డబ్బిచ్చి వచ్చేవారు ఉన్నప్పుడు, వారికి చూపించడానికి పిల్లలు కావాలి కదా! అందుకే పేద తల్లిదండ్రులకు చదువు ఆశ చూపి బిడ్డలను తెచ్చారు. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం బాలల హక్కులపై చేసిన తీర్మానంలో, పర్యాటకంలో భాగంగా అనాథాశ్రమాల్లో జరిగే స్వచ్ఛంద సేవ వల్ల కలిగే హానిని నివారించాలని దేశాలను కోరింది. అసలే కన్నవారికి దూరమైన పసివాడు కొత్తగా వచ్చిన అక్కకు చేరువై, పదిహేను రోజులకే ఆమెనూ పోగొట్టుకోవడం, అదే ఏడాదికి పలుమార్లు జరగడం మనం తేలిగ్గా తీసుకోవలసిన సంగతి కాదు.

సేవాభిలాషి, హైదరాబాదు:
పంతులు గారి మాట కాదనను గాని, కాంబోడియా లెక్క తెచ్చి విజయవాడకు అంటగట్టడం న్యాయం కాదు. అక్కడి అంకోర్ వాట్ ఆలయం చూడవచ్చే విదేశీయుల డబ్బు చుట్టూ అల్లుకున్న వ్యవహారం అది. మన దగ్గర ఆశ్రమాలు చాలావరకు ఊరివారి విరాళాలతో, పుట్టినరోజుకో తద్దినానికో పెట్టించే భోజనాలతో నడుస్తాయి. ఇంకో మాట. డాలస్‌లో పెరిగిన పిల్లకు మన ఊళ్లలో కష్టం ఎలా ఉంటుందో కళ్లతో చూస్తే తప్ప తెలియదు. సొంత ఊరి బడికి గదులు కట్టించిన ప్రవాసుల్లో ఎంతోమంది ఆ బడిని చూసినవారే. వచ్చేవారి మొహాన తలుపు వేసేస్తే రేపు ఆ డబ్బూ రాదు, ఆ బంధమూ మిగలదు.

పాతబడి పంతులు:
పుట్టినరోజు భోజనాల ప్రస్తావన మీరే తెచ్చారు కనుక అంటున్నాను. ఎవరిదో తెలియని పుట్టినరోజుకు పిల్లలు వరుసగా నిలబడి చప్పట్లు కొట్టి పాట పాడాకే విస్తరి ముందు కూర్చోబెట్టే భోజనాలు మన ఊళ్లలో లేవా? దాతకు చూపించుకోవడానికి పిల్లలు అవసరమయ్యే పద్ధతి మనకూ కొత్త కాదు. విమానం దిగి వచ్చేవారికి మాత్రమే దాన్ని పరిమితం చేయనక్కర లేదు.

గుంటూరు వకీలు:
చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2015 నాటి బాలల న్యాయ చట్టం 41వ సెక్షను ప్రకారం పిల్లలను ఉంచే ప్రతి సంస్థా నమోదై ఉండాలి. 74వ సెక్షను ప్రకారం సంరక్షణ అవసరమైన బాలల ఫొటోగాని, పేరు, చిరునామా, బడి వంటి వారిని గుర్తుపట్టగల వివరాలుగాని ప్రచురించకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే ఫొటోలకు మినహాయింపు ఏమీ లేదు. పర్యాటకానికి ఇచ్చే ఈ-వీసా మీద వచ్చేవారు ప్రతిఫలం తీసుకోకుండా నెల వరకు స్వచ్ఛంద సేవ చేయవచ్చు. అందువల్ల అమ్మాయి రావడంలో చిక్కు లేదు. ఆశ్రమం నమోదు పత్రం చూడకుండా మాత్రం డబ్బు కట్టకండి.

తిరుపతి నివాసి:
అందరూ సేవ మంచిదా చెడ్డదా అని వాదిస్తున్నారు గాని, ఏ పనికి సేవ అన్నది ఎవరూ అడగడం లేదు. మా ఊళ్లో 2000 సంవత్సరం నుంచి శ్రీవారి సేవ నడుస్తోంది. ఉద్యోగాలకు సెలవు పెట్టి, వారం రోజులు కొండమీద ఉండి, కూరగాయలు తరిగి, అన్నప్రసాదం వడ్డించి, క్యూలైన్లలో భక్తులకు మంచినీళ్లు అందించి, దర్శనం చేసుకుని వెళతారు. వీరిలో చాలామంది ఆ దర్శనం కోసమే వస్తారని కొందరు ఎద్దేవా చేస్తుంటారు. వస్తే రానీయండి, తరిగిన వంకాయకు తరిగినవారి మనసులో ఏముందో అక్కర లేదు. ఈ వారం వడ్డించినవారు వచ్చే వారం లేకపోయినా పంక్తిలో కూర్చున్నవారికి లోటు జరగదు. పైగా పని నేర్పి, పక్కన నిలబడి చూసుకునేవారు ఉంటారు. అదే హుండీ కానుకలు లెక్కించే పరకామణి దగ్గరకు వచ్చేసరికి ఎవరినిబడితే వారిని రానివ్వరు, అర్హత నిబంధనలు పెట్టారు. నాణేల లెక్కకే ఇంత జాగ్రత్త పడే మనం, పసిపిల్లల దగ్గరకు రుసుము కట్టిన ప్రతివారినీ పంపుతున్నాం. మనిషి మారినా చెడని పనికి సెలవుల సేవకులు వెళ్లాలి. మనిషి మారితే చెడే పనికి, అంటే పెంపకానికీ పాఠానికీ, నిలకడగా ఉండేవారే కావాలి.

సేవాభిలాషి, హైదరాబాదు:
మీ గీటురాయి బాగుంది గాని, దాన్ని పూర్తిగా పాటిస్తే తానా, ఆటా వంటి అమెరికా తెలుగు సంఘాల తరఫున డిసెంబరులో వచ్చి ఉచిత వైద్య శిబిరాలు పెట్టే డాక్టర్లూ రాకూడదు కదా?

తిరుపతి నివాసి:
కంటి పరీక్ష చేసి, శుక్లాలు ఉన్నవారిని స్థానిక ఆసుపత్రికి అప్పగిస్తే రావచ్చు. రక్తపోటు చూసి నెలకు సరిపడా మాత్రలిచ్చి విమానం ఎక్కితే, రెండో నెల సంగతి ఎవరు చూస్తారు? మూత్రపిండాల వ్యాధితో కొన్ని దశాబ్దాలుగా అల్లాడుతున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతానికి శిబిరాలు చాలవనే కదా, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కట్టవలసి వచ్చింది! ఏడాది పొడవునా అక్కడే ఉండే డాక్టరుకు తోడ్పడేలా ఏటా వచ్చే శిబిరాన్ని నేను తప్పుపట్టను.

డాలస్ తండ్రి:
అందరికీ కృతజ్ఞతలు. వకీలు గారు చెప్పిన నమోదు పత్రం అడిగితే, రుసుము కట్టాక చూపిస్తామని ఆ సంస్థ జవాబిచ్చింది. కనుక వారితో మాట్లాడటం మానేశాం. మా ఊరి గ్రంథాలయంలో పుస్తకాల జాబితా కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు లేరని మా బాబాయి చెప్పారు. అమ్మాయి తెలుగు కూడబలుక్కుని చదవగలదు కనుక గ్రంథపాలకుడి పక్కన కూర్చుని ఆ పని చేస్తానంది. దాని కోసం ఆయన సమయం ఎంత వృథా అవుతుందో ముందే అడిగి తెలుసుకుంటాను.

సేవాభిలాషి, హైదరాబాదు:
మంచి నిర్ణయమే. కాని ఆ ఆశ్రమంలో పిల్లలకు ఈ జూన్‌లో ఇంగ్లీషు ఎవరు చెబుతారన్న ప్రశ్న అలాగే ఉంది. ఆ రుసుములో సగంతో దగ్గరి ఊళ్లో బి.ఎడ్. చదివిన అమ్మాయిని ఏడాదికి నియమించవచ్చని పంతులు గారు అంటారేమో. మరి ఆ సగం పంపే ప్రవాసులు ఎందరో కూడా ఆయనే చెప్పాలి.