గ్రహశకలం ముప్పు: 2032 కథ ముగిసింది సరే, విశాఖలో మనం దేనికి సిద్ధపడాలి?

గాజువాక టీచర్ (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. 2025 ఫిబ్రవరిలో ‘2024 వైఆర్4’ అనే గ్రహశకలం గురించి టీవీలు గంటల తరబడి చూపించిన కథనాలు మా పిల్లల మనసుల్లో ఇంకా మిగిలే ఉన్నాయి. అది 2032 డిసెంబర్ 22న భూమిని ఢీకొనే అవకాశం మొదట 1 శాతమన్నారు, తర్వాత 3.1 శాతమన్నారు, వారం తిరగకముందే దాదాపు ఏమీ లేదన్నారు. మొన్న తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు లేచి, “టీచర్, ముందు చెప్పింది అబద్ధమా, తర్వాత చెప్పింది అబద్ధమా?” అని అడిగాడు. లెక్కలో అబద్ధం లేదని నాకు తెలుసు కానీ, వాడికి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను.

నాకు మరో సందేహం కూడా ఉంది. అలాంటి రాయి నిజంగానే బంగాళాఖాతంలోనో, మన నగరం మీదుగా ఆకాశంలోనో పేలితే, తుపానులకు అలవాటు పడ్డ ఈ ఊరికి ఆ అనుభవం ఏమైనా అక్కరకు వస్తుందా? తెలిసినవారు వివరించగలరు.

చుక్కలరాత్రి:

టీచర్ గారూ, మీ విద్యార్థికి గ్రహశకలంతో మొదలుపెట్టకుండా తుపాను పటంతో మొదలుపెట్టి చెప్పండి. విశాఖ పిల్లలకు అంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. వాయుగుండం అండమాన్ దగ్గర ఉన్నప్పుడు వాతావరణ శాఖ గీసే పటంలో తీరం దాటే అవకాశమున్న ప్రాంతం ఒంగోలు నుంచి గోపాల్‌పూర్ దాకా వెడల్పుగా ఉందనుకుందాం. ఆ వెడల్పులో విశాఖ వాటా చాలా చిన్నది. మరునాటికి కొలతలు మెరుగుపడి ఆ ప్రాంతం కాకినాడ, కళింగపట్నాల మధ్యకు కుదించుకుపోయి, విశాఖ ఇంకా లోపలే ఉంటే, మన వాటా పెరుగుతుంది. ఆ మరునాడు పటం పారాదీప్ వైపు జరిగితే మన వాటా ఒక్కసారిగా సున్నా అవుతుంది. ఈ మూడు రోజుల్లోనూ తుపాను తన దారిన తాను వస్తూనే ఉంది. మారింది దాని దారి గురించి మనకున్న తెలివిడి మాత్రమే.

2024 వైఆర్4 విషయంలో జరిగింది అచ్చంగా ఇదే. 2024 డిసెంబర్ 27న చిలీలోని అట్లాస్ దూరదర్శిని దాన్ని కనిపెట్టినప్పుడు అది అప్పటికే భూమిని దాటి దూరమవుతోంది. కొద్ది రోజుల పరిశీలనతో ఎనిమిదేళ్ల తర్వాతి స్థానాన్ని లెక్కగట్టాలి కాబట్టి, అది ఉండగల చోటు ఒక బిందువుగా కాక పొడవాటి గీతగా వచ్చింది, ఆ గీత మీద భూమి ఒక చుక్క. పరిశీలనలు పెరిగేకొద్దీ గీత కుదించుకుపోయింది, చుక్క మాత్రం కొంతకాలం గీత లోపలే ఉంది. అందుకే ఫిబ్రవరి 18న అవకాశం 3.1 శాతానికి చేరింది. చివరకు గీత పక్కకు జరిగి భూమిని విడిచిపెట్టింది. పడితే ఎక్కడ పడవచ్చో చెప్పే పట్టీ పసిఫిక్ తూర్పు భాగం నుంచి ఆఫ్రికా ఖండం, అరేబియా సముద్రం మీదుగా దక్షిణాసియా దాకా సాగింది. మన టీవీలకు ఆ ‘దక్షిణాసియా’ అన్న ఒక్క మాట చాలింది.

ఇంతకుముందు కూడా ఒకసారి ఇలాగే జరిగింది. అపోఫిస్ అనే మరింత పెద్ద గ్రహశకలం 2029లో భూమిని తాకే అవకాశం 2.7 శాతానికి చేరింది 2004 డిసెంబర్ 27న. అంటే సునామీ వచ్చిన మర్నాడు. మన తీరమంతా సముద్రం వైపు చూస్తూ భయపడుతున్న ఆ రోజుల్లో ఆకాశం సంగతి ఎవరికి పట్టింది? పాత పరిశీలనలు దొరకడంతో ఆ భయం కూడా వెంటనే తగ్గింది. 2021లో రాడార్ కొలతల తర్వాత, కనీసం వందేళ్లపాటు దానివల్ల ప్రమాదం లేదని తేల్చారు.

అద్దాలమేడ:

రెండో సందేహానికి నేను సమాధానం చెప్తాను. నేను కట్టడాల ఇంజనీరును, ఖగోళం నా రంగం కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వెళ్లిపోయాక బీచ్ రోడ్డు వెంబడి గాజు పెంకులు తొలగించడం చూసినవాణ్ణి కాబట్టి, 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్‌లో జరిగినదాన్ని చదివినప్పుడు నాకు మన ఊరే కళ్లముందు మెదిలింది.

అక్కడ పడినది సుమారు 20 మీటర్ల రాయి. నేలను చేరకముందే దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తున గాలిలోనే పేలిపోయింది, చిన్న ముక్కలు మాత్రమే కింద పడ్డాయి. అయినా సుమారు 1,500 మంది గాయపడ్డారు, 7,000కు పైగా భవనాలు దెబ్బతిన్నాయి. గాయాల్లో అత్యధికం కిటికీ అద్దాల వల్లనే. కాంతి క్షణంలో వస్తుంది, పేలుడు అల మాత్రం ధ్వనితో పాటు నెమ్మదిగా వస్తుంది. ఆ నగరంలో ఈ రెంటి మధ్య రెండు నిమిషాలకు పైగా వ్యవధి దొరికింది. ఆ రెండు నిమిషాల్లో జనం చేసిందేమిటంటే, ఆ వెలుగేమిటో చూద్దామని కిటికీల దగ్గరకు పోయి నిలబడటం. ఒక పాఠశాలలో నాలుగో తరగతి ఉపాధ్యాయురాలు మాత్రం 44 మంది పిల్లలను బల్లల కిందకు దూరమన్నారు. పిల్లల్లో ఒక్కరికీ గాయం కాలేదు, నిలబడి ఉన్న ఆమె చేయి మాత్రం గాజుకు తీవ్రంగా తెగింది.

టీచర్ గారూ, మీ తరగతిలో చెప్పవలసింది ఈ సంగతే. ఆకాశంలో అసాధారణమైన మెరుపు కనబడితే కిటికీకి దూరంగా జరిగి, వీపు అటు తిప్పి, ముఖాన్ని చేతులతో కప్పుకుని నేల మీద కూర్చోవాలి. శబ్దం వచ్చి వెళ్లేదాకా లేవకూడదు. దీనికి ఖర్చేమీ లేదు, ఏ రసాయన కర్మాగారంలో పేలుడు జరిగినా ఇదే జాగ్రత్త పనికొస్తుంది. ఇన్ని పరిశ్రమలున్న ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

జాలరిపేట:

పెద్దలు కోప్పడకపోతే ఒక మాట. మనకు ఏటా తుపాను వస్తుంది. వేటకు వెళ్లిన పడవలకు హెచ్చరిక సకాలంలో అందడమే మాకు పెద్ద సమస్య. ఇలాంటప్పుడు ఎన్నో ఏళ్లకొకసారి వచ్చే రాయి కోసం కోట్లు పోయడం న్యాయమా? రాయి సముద్రంలో పడితే మళ్లీ 2004 లాంటి కెరటాలు వస్తాయా? నాకు తెలుసుకోవాలనున్నది ఈ రెండే.

చుక్కలరాత్రి:

మీ ప్రశ్నలో కోప్పడవలసింది ఏమీ లేదండీ. ముందు సముద్రం సంగతి చెప్తాను. భూకంపం వల్ల వచ్చే సునామీలో వందల కిలోమీటర్ల పొడవున సముద్రపు అడుగు ఒక్కసారిగా కదులుతుంది. అందుకే ఆ అల అంత దూరం బలం కోల్పోకుండా వస్తుంది. రాయి పడితే కదిలేది ఒక చోటి నీరే. ఆ అలల పొడవు తక్కువ కాబట్టి దూరం వెళ్లేకొద్దీ త్వరగా నీరసిస్తాయి. 2024 వైఆర్4 లాంటి సుమారు 60 మీటర్ల రాయైతే చాలావరకు గాలిలోనే పేలుతుంది. 1908 జూన్ 30న సైబీరియాలోని తుంగుస్కాలో సుమారు 2,000 చదరపు కిలోమీటర్ల అడవిని నేలకూల్చినది అలాంటిదే, అది భూమిలో గొయ్యి కూడా చేయలేదు. తీరానికి దగ్గర్లో పేలితే మనకు ప్రమాదం పేలుడు అల నుంచే ఎక్కువ. కిలోమీటరు పరిమాణంలోని రాయి సముద్రంలో పడితే కథ వేరు. అయితే అంతటివాటిలో 90 శాతానికి పైగా ఇప్పటికే కనిపెట్టి, వాటి దారులు లెక్కగట్టి ఉంచారు.

ఇక ఖర్చు. అసలు చిక్కు 140 మీటర్లు, అంతకు మించిన రాళ్లతో. భూమి పరిసరాల్లోకి వచ్చేవి సుమారు 25,000 ఉంటాయని అంచనా వేస్తే, వాటిలో సగం కూడా ఇంకా కనబడలేదు. వాటిలో ఏది పడినా ఒక రాష్ట్రమంతటి ప్రాంతం నాశనమవుతుంది. తుపానును ఎవరూ ఆపలేరు, రాయిని మాత్రం ముందుగా చూడగలిగితే తప్పించవచ్చు. 2022 సెప్టెంబర్‌లో నాసా ‘డార్ట్’ నౌక సెకనుకు 6 కిలోమీటర్ల వేగంతో డైమార్ఫస్ అనే 160 మీటర్ల శకలాన్ని ఢీకొట్టింది. దాని జంట శకలం చుట్టూ అది తిరిగే సమయం 11 గంటల 55 నిమిషాల నుంచి 32 నిమిషాలు తగ్గింది. వేగంలో వచ్చిన మార్పు సెకనుకు 3 మిల్లీమీటర్లకు లోపే! నవ్వొస్తుంది కదా. కానీ సూర్యుని చుట్టూ తిరిగే ఒక రాయి వేగాన్ని సెకనుకు ఒక్క సెంటీమీటరు మార్చగలిగినా, పదేళ్లలో మామూలు గుణకారం ప్రకారమే 3,000 కిలోమీటర్లకు పైగా తేడా వస్తుంది, కక్ష్య లెక్కలో అంతకన్నా ఎక్కువే. పదేళ్ల ముందు చూస్తే ఇంత చిన్న తోపుడు సరిపోవచ్చు, పది రోజుల ముందు చూస్తే ఊళ్లు ఖాళీ చేయించడం తప్ప దారి లేదు. అందుకే ఖర్చులో మొదటి వాటా చూపుకే పెట్టాలి.

సూర్యుడి వైపు నుంచి వచ్చేవి నేల మీది దూరదర్శినులకు చిక్కవు. చెల్యాబిన్‌స్క్ రాయి అలాగే చెప్పకుండా వచ్చింది. వాటి కోసమే నాసా ‘నియో సర్వేయర్’ అనే పరారుణ దూరదర్శినిని అంతరిక్షంలోకి పంపడానికి సిద్ధం చేస్తోంది. మన దేశంలో లడఖ్‌లోని హాన్లే దూరదర్శినులు ఇలాంటి శకలాలను గమనించగలవు కానీ, ఇంత పెద్ద దేశానికి ఆ చూపు చాలదని నా అభిప్రాయం.

ఒక చిన్న పక్కదారి, క్షమించాలి. ఈ నగరానికి ఆకాశం కొత్త కాదు. 1840 ప్రాంతంలోనే గోడే వెంకట జగ్గారావు గారు డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగడాన్ని ఇక్కడి నుంచే గమనించి కొలతలు నమోదు చేశారు. మీ పిల్లలకు ఆ మాట కూడా చెప్పండి.

గాజువాక టీచర్:

ఇద్దరికీ, ప్రశ్న వేసిన జాలరిపేట గారికీ కృతజ్ఞతలు. తుపాను పటం ఉపాయం పనిచేసింది. నల్లబల్ల మీద ఒంగోలు నుంచి గోపాల్‌పూర్ దాకా తీరం గీసి చెప్పగానే ఆ విద్యార్థి, “అయితే శాతం పెరిగిందంటే ఇంకా తేలలేదని అర్థం, అంతేనా టీచర్?” అన్నాడు. అపోఫిస్ మన కాలమానం ప్రకారం 2029 ఏప్రిల్ 14 వేకువజామున భూమి ఉపరితలానికి 32,000 కిలోమీటర్ల దూరంలో, టీవీ ప్రసారాల ఉపగ్రహాలకన్నా దగ్గరగా వెళుతుందని చెప్పాను. అప్పటికి వాళ్లంతా కళాశాలల్లో ఉంటారు.

అద్దాలమేడ గారూ, ఒక్క ఇబ్బంది. మా బడిలో ఉన్నవి పొడవాటి బెంచీలు, వాటి కింద పిల్లలు దూరలేరు. గదికి రెండు వైపులా కిటికీలే.

అద్దాలమేడ:

అయితే వరండా వైపు కిటికీలకు అద్దాలున్నాయో, చెక్క రెక్కలున్నాయో ముందు చూడండి. పాత బడుల్లో చాలావరకు రెక్కలే ఉంటాయి కాబట్టి ఆ వైపు గోడవారగా కూర్చోబెట్టడం మేలు. రెండు వైపులా అద్దాలే అయితే, పగిలినా పెంకులు ఎగరకుండా పట్టి ఉంచే పలుచని ప్లాస్టిక్ పొర అతికించుకోవచ్చు. కొలతలు పంపితే ఎంత కావాలో లెక్క వేసి చెప్తాను.