హోం సర్వర్‌కి చెక్క పెట్టె: వేడి, ఎర్త్ సంగతి ఎలా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. పాత డెస్క్‌టాప్‌లోంచి తీసిన మినీ ఐటీఎక్స్ బోర్డు (చిన్న సైజు మదర్‌బోర్డు), మూడున్నర అంగుళాల హార్డ్ డిస్కులు రెండు, ఒక ఎస్ఎస్‌డీ ఉన్నాయి. వీటితో ఇంట్లో ఫొటోలకీ ఫైళ్లకీ ఒక సర్వర్ నడుపుతున్నాను. ప్రస్తుతానికి అన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. హాల్లో అల్మరా మీద పెట్టుకునేలా చెక్కతో నేనే ఒక పెట్టె చేసుకుందామని ఆలోచన. రంపం, డ్రిల్ పట్టుకోవడం అలవాటే. కరెంటు విషయంలోనే టెన్షన్.

12 మి.మీ. ప్లైవుడ్ అనుకున్నాను. ప్లగ్ దగ్గర మీటరు పెట్టి చూస్తే మామూలుగా 35 వాట్లు, పని ఎక్కువైనప్పుడు 80 వాట్ల దాకా లాగుతోంది. 24 గంటలూ ఆన్‌లోనే ఉంటుంది. చెక్క వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందా? ఇనప కేబినెట్ లేకపోతే ఎర్త్ ఎలా? గాలికి పక్కల నాలుగైదు వరసల బెజ్జాలు పెడితే సరిపోతుందా?

జవాబు:

భేషైన ఆలోచనండి. 1976లో ఆపిల్-1 ఉత్త బోర్డుగానే అమ్మితే, కొన్నవాళ్లలో చాలామంది దానికి చెక్క పెట్టెలే చేయించుకున్నారు. కాబట్టి మీరేమీ వింత పని చేయడం లేదు.

ముందు మంట సంగతి. చెక్క అంటుకోవాలంటే దాదాపు 250 డిగ్రీలు దాటాలి. ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపుల్లోకి వస్తేనే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే ఆగిపోతుంది. కాబట్టి మామూలు వేడికి చెక్క అంటుకోదు. భయపడాల్సింది వదులు కనెక్టర్లకీ, నాసిరకం వైర్లకీ. ముఖ్యంగా పాత నాలుగు పిన్నుల మోలెక్స్ కరెంటు కనెక్టర్ నుంచి, డిస్కులకి పెట్టే సాటా కనెక్టర్‌కి మార్చే అడాప్టర్లలో, ప్లాస్టిక్‌ని వైర్ల మీదే కరిగించి పోసిన రకం ఉంటుంది. అది లోపల షార్టయి కాలిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇనప డబ్బాలోనే అది ప్రమాదం, చెక్క పెట్టెలోకి అసలు రానివ్వకండి. చప్పుడు తగ్గుతుందని లోపల స్పాంజీ, బట్ట అంటించే ఆలోచన ఉంటే అదీ మానేయండి.

అసలు విషయం గాలి. ఇనప గోడలు కొంత వేడిని బయటికి వదులుతాయి. చెక్క వదలదు, లోపలే దాస్తుంది. అంటే పుట్టిన వేడంతా గాలితోనే బయటికి పోవాలి. దీనికో తేలిక లెక్క ఉంది: వాట్లని 3తో గుణించి, లోపలి గాలి గది కంటే ఎన్ని డిగ్రీలు పెరిగినా పర్వాలేదనుకుంటారో దాంతో భాగిస్తే, గంటకి ఎన్ని ఘనపు మీటర్ల గాలి కావాలో వస్తుంది. మీ 80 వాట్లకి 8 డిగ్రీల తేడా చాలనుకుంటే 30 ఘనపు మీటర్లు. 120 మి.మీ. ఫ్యాన్ ఒక్కటి మెల్లగా తిరిగినా ఇది ఇచ్చేస్తుంది. కాకపోతే ఫ్యాన్ అట్టపెట్టె మీద రాసే అంకె ఏ అడ్డూ లేనప్పటిది. జాలీ, డిస్కులు, వైర్లు అడ్డొస్తే అందులో సగం వచ్చినా గొప్పే.

ఇప్పుడు మీ బెజ్జాలు. 120 ఫ్యాన్ రెక్కలు తిరిగే మేర సుమారు 90 చదరపు సెంటీమీటర్లు. గాలి లోపలికొచ్చే దారీ, బయటికెళ్లే దారీ కనీసం అంత ఉండాలి. 6 మి.మీ. బెజ్జం ఒక్కోటి చదరపు సెంటీమీటరులో మూడో వంతు కూడా లేదు. 90కి రావాలంటే మూడొందల పైచిలుకు బెజ్జాలు పెట్టాలి! పైగా 12 మి.మీ. మందం చెక్కలో సన్నటి బెజ్జం అంటే చిన్న గొట్టం కిందే లెక్క, గాలి అందులో ఈడ్చుకుంటూ పోతుంది. దాని బదులు 12 మి.మీ. వెడల్పు, 200 మి.మీ. పొడవు గాళ్లు నాలుగు కోస్తే 96 చదరపు సెంటీమీటర్లు వస్తాయి. లేదా పెద్ద కిటికీ కోసి లోపలివైపు స్టీలు జాలీ బిగించండి. జాలీ వేస్తే దాని తీగలు ఆక్రమించే మేరకి కిటికీ కాస్త పెద్దది చేయాలి.

ఫ్యాన్‌ని ముందువైపు పెట్టి, గాలి ముందు డిస్కుల మధ్య నుంచి, తర్వాత బోర్డు మీదుగా వెళ్లి వెనక పైభాగంలో బయటికి పోయేలా చూడండి. ప్రాసెసర్ 80 డిగ్రీలున్నా ఓర్చుకుంటుంది, డిస్కులు ఓర్చుకోవు. వాటిని 45 లోపు ఉంచితే మంచిది. రెండు డిస్కుల మధ్య కనీసం ఒక వేలు దూరనిచ్చేంత సందు వదలండి.

మరో జవాబు:

ఇంత తంటా దేనికండీ? పాత చిన్న కేబినెట్ ఒకటి తీసుకుని, దాని పక్క రేకులు పీకేసి, అస్థిపంజరానికి బయట చెక్క తొడిగేయండి. ఎర్త్, బోర్డు బిగించే చోటు, వెనక రేకు అన్నీ సిద్ధంగా ఉంటాయి. చూసేవాళ్లకి చెక్కే కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

అదీ ఆలోచించానండి. కానీ ఆ కేబినెట్ వెడల్పు నా అల్మరాలో పట్టదు. పైగా చెక్కపని చేయాలన్న సరదా కూడా ఉంది, దాచుకోవడం దేనికి!

మూడో జవాబు:

అస్థిపంజరం మొత్తం వద్దు, దాంట్లోంచి బోర్డు బిగించే రేకు ఒక్కటి కోసుకోండి. చెక్క పెట్టెల్లో సగం తలనొప్పులు దాంతో పోతాయి. మినీ ఐటీఎక్స్ అంటే 170 మి.మీ. చదరం, అందుకు తగ్గ ముక్క చాలు. బోర్డుని కాస్త ఎత్తులో నిలబెట్టే ఇత్తడి స్టాండాఫులు నేరుగా ప్లైవుడ్‌లో తిప్పితే ఒకటి రెండు సార్లు విప్పేసరికి మర కొట్టేస్తుంది. రేకులో అయితే గట్టిగా ఉంటాయి, ఆ రేకుని చెక్కకి మామూలు స్క్రూలతో బిగించుకోవచ్చు.

ఎర్త్ గురించి. బోర్డుకీ డిస్కులకీ గ్రౌండ్ అనేది పవర్ సప్లై నుంచి వచ్చే నల్ల వైర్ల ద్వారా ఎలాగూ అందుతుంది, చెక్కలో పెట్టినంత మాత్రాన అవి పనిచేయడం మానవు. చూసుకోవాల్సింది చేతికి తగిలే లోహం: రేకు, జాలీ, లోహపు స్విచ్చి. ఇనప కేబినెట్‌లో అవన్నీ స్క్రూల ద్వారానే కలిసిపోతాయి. చెక్కలో మీరే కలపాలి. పవర్ సప్లై డబ్బా స్క్రూ ఒకదాని కింద రింగ్ లగ్ (వైరు చివర బిగించే లోహపు ఉంగరం) పెట్టి, అక్కడి నుంచి ఆకుపచ్చ వైరు రేకుకీ జాలీకీ లాగండి. రింగ్ కింద పెయింట్ ఉంటే గీకి లోహం కనపడనివ్వండి. తర్వాత ప్లగ్ గోడలోంచి పీకేసి, మల్టీమీటర్‌తో ప్లగ్ లావు పిన్నుకీ రేకుకీ మధ్య చూడండి. ఒక ఓమ్ లోపు రావాలి. గోడ సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి, అది లేకపోతే ఇదంతా వృథా.

పవర్ సప్లై ఏది వాడుతున్నారు? ఏటీఎక్స్ సైజుదైతే (మామూలు డెస్క్‌టాప్‌లో ఉండేది) 150 మి.మీ. వెడల్పు, 86 మి.మీ. ఎత్తు. మీ పెట్టెలో చాలా చోటు అదే మింగేస్తుంది. దాన్నే పెడితే దాని ఫ్యాన్‌కి బయటి గాలి అందేలా విడిగా కిటికీ ఉండాలి, లోపలి వేడి గాలి పీల్చనివ్వకూడదు. బయట 12 వోల్టుల అడాప్టర్, లోపల ఆ 12 వోల్టుల్ని బోర్డుకీ డిస్కులకీ కావాల్సిన వోల్టేజీలుగా మార్చే చిన్న డీసీ బోర్డు పెట్టుకుంటే చెక్క పెట్టెలోకి గోడ కరెంటే రాదు. నా ఓటు దానికే. కాకపోతే రెండు విషయాలు. డిస్కు తిరగడం మొదలెట్టే క్షణంలో ఒక్కోటి 20 నుంచి 25 వాట్ల దాకా లాగుతుంది, రెండూ ఒకేసారి మొదలైతే 80 వాట్ల అడాప్టర్ చేతులెత్తేస్తుంది. 120 వాట్లది తీసుకోండి. రెండోది, రెండు పిన్నుల అడాప్టర్ అయితే రేకు మీద చెయ్యి పెట్టినప్పుడు సన్నగా జివ్వుమనొచ్చు. అందుకని మూడు పిన్నులది, అందులోనూ ఎర్త్ డీసీ వైపు దాకా వచ్చేది చూసుకోండి. ఇదీ మల్టీమీటర్‌తోనే తేలుతుంది.

ఇంకోటి. 12 మి.మీ. ప్లైవుడ్‌కి వెనకాల పోర్టుల మేరకి మాత్రమే కోస్తే నెట్‌వర్క్ వైరు, యూఎస్‌బీ ప్లగ్గులు పూర్తిగా లోపలికి దిగవు. ఆ పోర్టులు ఒక మి.మీ. రేకు వెనక ఉండేలా చేసినవి. యూఎస్‌బీ ప్లగ్ ప్లాస్టిక్ తల చెక్క అంచుకి తగిలి ఆగిపోతుంది, మొన సగమే దిగుతుంది. పని చేసినట్టే ఉండి కాస్త కదిపితే ఊడిపోతుంది. అందుకని వెనక పలకలో చుట్టూ ఒక అంగుళం ఎక్కువగా పెద్ద కిటికీ కోసి, దానికి అల్యూమినియం రేకు బిగించి, ఆ రేకులో పోర్టుల సందు కోయండి. ఐఓ షీల్డ్ (పోర్టుల చుట్టూ ఉండే రేకు) సందు 158.75 మి.మీ. పొడవు, 44.45 మి.మీ. ఎత్తు. పవర్ బటన్‌కీ ఇదే గొడవ: మెడ పొట్టిగా ఉంటే మరలో నట్ పట్టదు. చెక్కని లోపలివైపు ఉలితో 3 మి.మీ. మిగిలేదాకా తొలిచేయండి. బటన్ వైర్లు రెండూ ఎటు పెట్టినా పర్లేదు, లైటు వైర్లకి మాత్రం ప్లస్, మైనస్ చూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:

చాలా థ్యాంక్సండీ. చెక్క కోసే ముందు అదే కొలతలతో అట్టపెట్టె చేసి చూశాను. డీసీ బోర్డు పద్ధతికే వెళ్లాను. గది 31 డిగ్రీలున్నప్పుడు, ఫ్యాన్ వెనక పెట్టి గాలి బయటికి లాగిస్తే రెండు గంటలకి పై డిస్కు 47కి చేరింది. ఫ్యాన్ ముందుకి మార్చి డిస్కుల మీదకి ఊదిస్తే 40 దగ్గర నిలిచింది. వెనక గాళ్లు నాలుగు ఉంచాను.

ఇంకో రెండు సందేహాలు. డిస్కుల్ని తాత్కాలికంగా ఒక ప్లైవుడ్ ముక్కకి బిగిస్తే గుయ్‌మని శబ్దం వస్తోంది, బల్ల మీద ఉన్నప్పుడు లేదు. ప్లైవుడ్ బదులు ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసిన పలక) వాడితే తగ్గుతుందా? వైఫై కార్డు కూడా పెట్టొచ్చా?

జవాబు:

అట్టపెట్టెతో చూడటం చాలా మంచి పని. చెక్క కోశాక గాలి దారి మార్చడం కష్టం.

గుయ్‌మనేది డిస్కు తిరుగుడే. 7200 ఆర్‌పీఎం అంటే సెకనుకి 120 చుట్లు, ఆ అదురు స్క్రూల ద్వారా పలకలోకి దిగి, పలక డప్పులా మోగుతుంది. చెక్క మార్చేకంటే డిస్కుకీ చెక్కకీ మధ్య రబ్బరు గ్రోమెట్లు (స్క్రూ దూరే రబ్బరు ఉంగరాలు) పెట్టండి. స్క్రూ తల కూడా రబ్బరు మీదే కూర్చోవాలి, ఎక్కడా లోహం చెక్కకి తగలకూడదు. మరీ బిగించేస్తే రబ్బరు నలిగి ఉపయోగం ఉండదు. పెట్టె కింద 20 మి.మీ. రబ్బరు కాళ్లు కూడా వేయండి, అల్మరా మోగదు.

ఎండీఎఫ్ బరువు కాబట్టి అదురు కొంచెం తగ్గుతుంది, నిజమే. కానీ అంచులో స్క్రూ నిలవదు, తడి తగిలితే ఉబ్బుతుంది, కోసేటప్పుడు వచ్చే పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. ప్లైవుడ్డే ఉంచండి. టేకు లాంటి ఘన చెక్క పలక వాడాలనిపిస్తే ముందు ముఖానికి మాత్రం వాడండి, అదీ నాలుగు వైపులా జిగురుతో బంధించకుండా. ఘన చెక్క ఎండాకాలం, వానాకాలం మధ్య నారకి అడ్డంగా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. బిగించేస్తే పగుళ్లిస్తుంది.

వైఫై పెట్టొచ్చు, చెక్క అడ్డు కాదు. కానీ లోహపు డబ్బా లేకపోవడంతో లోపలి రేడియో రొద బయటికి వస్తుంది. యూఎస్‌బీ 3.0 పోర్టుల రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుందన్నది తెలిసిన సంగతే. సర్వర్ కదిలేది కాదుగా, నెట్‌వర్క్ వైరు లాగేయండి. వైఫై తప్పదంటే యాంటెన్నాలు బయటికి తీసి 5 గిగాహెర్ట్జ్ వాడండి.

మూడో జవాబు ఇచ్చినవారు:

పాలిష్ సంగతి ఎవరూ చెప్పలేదు. గరుకు కాగితం పట్టడం, డ్రిల్లింగ్, రంగు వేయడం అన్నీ బోర్డు పెట్టకముందే అయిపోవాలి. నున్నదనానికి స్టీల్ ఊల్ (సన్నటి ఉక్కు పీచు) అస్సలు వాడకండి. దాని తునకలు సందుల్లో ఇరుక్కుని ఎప్పుడో బోర్డు మీద రాలితే షార్టే. లోపలివైపు వార్నిష్ పల్చగా ఒక్క పూత చాలు. లిన్‌సీడ్ ఆయిల్‌తో (అవిసె నూనె) తుడిస్తే మాత్రం ఆ గుడ్డని ఉండ చుట్టి మూల పడేయకండి, ఆరేటప్పుడు తనంతట తనే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న డబ్బాలో వేయండి. మంట గురించి భయమన్నారు కదా, ఈ మొత్తం పనిలో సర్వర్ కంటే ముందు అంటుకునేది ఆ గుడ్డే. వాసన పూర్తిగా పోయేదాకా ఆగి, అప్పుడు బోర్డు బిగించండి.