ఫీడర్ తీసేయమంటున్నారు. తీసేయాలా?

తీగపందిరి:

రెండేళ్లుగా పెరట్లో పిట్టలకి ఫీడర్ పెడుతున్నాను. పెద్ద హంగేమీ లేదు, అంచులున్న చెక్క పళ్లెం, నాలుగు తాళ్లు, ఒక కొమ్మ. పిచ్చుకలు, గువ్వలు, గోరింకలు వస్తాయి. వాటన్నిటినీ బెదరగొట్టి ముందు తాను తినే ఉడుత ఒకటి. గోడకి చెక్కగూడు కూడా కొట్టాను, అందులో ఇంతవరకు ఎవరూ దిగలేదు.

మొన్న పొద్దున తలుపు తీయగానే అన్నీ లేచిపోయాయి, ఒక గువ్వ మాత్రం పళ్లెంలోనే ఉండిపోయింది. ఈకలు ఉబ్బించుకుని బంతిలా కూర్చుంది. గింజని ముక్కుతో తీసుకుంటుంది, మింగలేక మళ్లీ పళ్లెంలోనే వదిలేస్తుంది. ముక్కు చుట్టూ తడి, గొంతు దగ్గర ఈకలు అట్టకట్టాయి. సాయంత్రానికి చెట్టు కింద చచ్చిపడి ఉంది.

"నీ సరదాకి వాటి ప్రాణం తీస్తున్నావు, తీసెయ్" అంటున్నారు ఇంట్లో. ఇంతకీ ఫీడర్ వల్ల పిట్టలకి మేలా, కీడా? రెండు రోజులుగా ఇదే టెన్షన్. తేల్చి చెప్పండి.

చూరుకింద:

తేల్చే సంగతి తర్వాత, ముందు ఆ పళ్లెం ఇవాళే దించండి. చూడకుండా ఖాయంగా చెప్పలేం గానీ, మీరు రాసిన లక్షణాలు ట్రైకోమోనాసిస్ అనే జబ్బుకి బాగా సరిపోతున్నాయి. కంటికి కనబడని పరాన్నజీవి వల్ల వస్తుంది అది. గొంతులో పుండ్లు పుట్టిస్తుంది, అందుకే మింగుడు పడదు. గువ్వల్లో, పావురాల్లో ఇది పాత జబ్బే. ఆ గువ్వ ఏం చేసిందో మీరే రాశారు, నోట్లోకి తీసుకున్న గింజని పళ్లెంలో వదిలేసింది. ఆ ఎంగిలి గింజ తర్వాత వచ్చిన పిచ్చుకకి దొరుకుతుంది.

పళ్లెంలో ఉన్నవీ కింద రాలినవీ మొత్తం ఊడ్చి పారేయండి. గ్లవ్స్ వేసుకుని సబ్బు నీళ్లతో రుద్ది, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి అందులో కాసేపు నానబెట్టి, బాగా కడిగి ఆరబెట్టండి. ఆరడమే అసలు మందు, తడి లేకపోతే ఈ క్రిమి ఎక్కువసేపు బతకదు. నీళ్ల గిన్నెకీ ఇదే వైద్యం. ఇది మనుషులకి అంటదు, కానీ పిట్టల రెట్టలో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు, అది అంటుతుంది. కనీసం రెండు మూడు వారాలు ఒక్క గింజ కూడా పెట్టకండి.

గింజలసంచి:

ఒక్క గువ్వ చచ్చిపోయిందని ఇంత హడావుడా? అడవిలో పిట్టలు చావవా? అక్కడ మనం చూడం, ఇక్కడ మన కళ్ల ముందు జరిగింది, అంతే తేడా. రెండేళ్లు అలవాటు చేసి ఇప్పుడు హఠాత్తుగా ఆపేస్తే అవి ఏం తిని బతకాలి? మీ మీద నమ్మకంతో వచ్చేవి కదండీ.

నోట్సుపిట్ట:

గింజలసంచి గారూ, ఆ భయం అక్కర్లేదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో చికడీ అనే చిన్న పిట్టల మీద సరిగ్గా ఇదే చూశారు. ఇరవై అయిదేళ్ల పాటు గింజలు పెట్టిన చోట ఫీడర్లు తీసేసి, ఎప్పుడూ ఏమీ పెట్టని చోటి పిట్టలతో పోల్చారు. ఆ చలికాలంలో రెండు చోట్లా బతికినవాటి శాతం దాదాపు ఒకటే. 1992లో అచ్చయిన పని ఇది. ఫీడర్ ఉన్నప్పుడు కూడా అవి కడుపులో ఎక్కువ భాగం బయట వెతుక్కునే నింపుకుంటాయి.

అయితే ఇదే జట్టు అంతకు ముందు చేసిన పనిలో, చలి మరీ కఠినంగా ఉన్నప్పుడు గింజలు అందిన పిట్టలు ఎక్కువ బతికాయని తేలింది. అంటే మామూలు రోజుల్లో మనం పెట్టేది చిరుతిండి, గడ్డు రోజుల్లో ఆసరా. రెండూ నిజమే.

ముళ్లపొద:

మీరంతా వచ్చే పిట్టల గురించే మాట్లాడుతున్నారు. రాని పిట్టల మాటేమిటి?

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో 18 నెలలు కొన్ని ఇళ్ల తోటల్లో బ్రెడ్డు, గింజలు పెట్టి చూశారు. పెరిగినవేవి? బయటి దేశాల నుంచి తెచ్చి వదిలిన ఊరపిచ్చుకలు, మచ్చల గువ్వలు. తగ్గింది ఏది? అక్కడి సొంత పిట్ట, పురుగులు తిని బతికే గ్రే వార్బ్లర్. అది గింజ ముట్టదు, దానికి మీ ఫీడర్‌తో పనే లేదు. అయినా చోటు పోయింది దానికే. పెరట్లో ఫీడర్ పెట్టామంటే, అసలే గడుసుగా ఉన్నవాటికి విందు పెట్టి, మెతకవాటిని వీధిలోకి తోసినట్టే.

ఇంకో మాట. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకి మొదటి రోజుల్లో పెట్టేది పురుగులే. చికడీ జంట ఒక ఈతలో పిల్లల్ని పెంచడానికి ఆరు వేల నుంచి తొమ్మిది వేల గొంగళిపురుగులు కావాలని లెక్క. ఏ సంచిలో దొరుకుతాయండీ అవి? మీ నేలలో పుట్టిన చెట్లు నాలుగు పెంచండి, పురుగుమందు కొట్టడం మానండి, రాలిన ఆకులు ఊడవకండి. పిట్టలు వాటంతట అవే వస్తాయి.

గింజలసంచి:

చెట్లు పెంచండి అనడం తేలిక. నాకున్నది రెండు గజాల బాల్కనీ. అందులో మీరు చెప్పిన చెట్టు వేస్తే నేను బయట నిలబడాలి.

పైగా లెక్కలన్నీ మీ వైపే లేవు. బ్రిటన్‌లో 1970లలో తోటల ఫీడర్ల దగ్గర గోల్డ్‌ఫించ్ అనే చిన్న పిట్ట కనబడటం అరుదు. రకరకాల గింజలు పెట్టడం పెరిగాక ఇప్పుడు అది ఊరూరా కనబడుతుంది. ఇది మేలు కాదా?

చూరుకింద:

బ్రిటన్ కథ సగంలో ఆపకండి. అదే దేశంలో, అవే ఫీడర్ల దగ్గర, 2005లో ఈ గొంతు జబ్బు ఫించ్ పిట్టల్లో బయటపడింది, మరుసటి ఏడాదికి మహమ్మారి అయింది. గ్రీన్‌ఫించ్‌లు 43 లక్షల దాకా ఉండేవి, 2009 నాటికి 28 లక్షలకి పడిపోయాయి. అక్కడి పక్షి సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ స్వయంగా ఫీడర్లు అమ్ముతుంది. అలాంటిది 2025లో బల్లపరుపు ఫీడర్ల అమ్మకం ఆపేసింది. గమనించండి, ఆపింది పళ్లెం లాంటివే. తిండి, ఎంగిలి, రెట్ట ఒకే చోట కలిసేది అందులోనే. గొట్టం ఫీడర్‌లో గింజ లోపల ఉంటుంది, పిట్ట బయట ఉంటుంది. దాన్నీ కడగాలనుకోండి, కానీ తేడా ఉంది.

తీగపందిరి:

పళ్లెం దించేశాను. కడుగుతుంటే అడుగున మూలల్లో రెట్ట, నానిన పొట్టు కలిసి వేలెడు మందాన గట్టిపడి ఉంది. రెండేళ్లలో నేను చేసింది పైన కొత్త గింజలు పోయడమే. సిగ్గేసింది.

నోట్సుపిట్ట:

అందరి ఇళ్లలో అంతేలెండి. ఫీడర్ మళ్లీ పెడితే ఎక్కడ పెడతారో కూడా చూసుకోండి. కిటికీ అద్దంలో ఆకాశం, చెట్లు కనబడితే పిట్టకి అది దారే. ఫీడర్‌ని అద్దానికి మీటరు లోపల పెట్టాలి, లేదా పది మీటర్ల అవతల పెట్టాలి. దగ్గరుంటే గుద్దుకున్నా వేగం ఉండదు. మధ్యలో పెడితేనే ప్రమాదం. అమెరికాలో అద్దాలకి కొట్టుకుని ఏటా చచ్చే పిట్టలు 36 కోట్లకి పైనే అని అంచనా, పెంపుడు పిల్లులూ వీధి పిల్లులూ కలిసి చంపేవి వంద కోట్లకి పైన. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం ఈ చర్చ ఇక్కడితో ఆపేసి ముందు పిల్లిని లోపల ఉంచండి.

రంపంపొట్టు:

ఇంతసేపూ గింజల గొడవే, గూడు సంగతి ఎవరూ ఎత్తలేదు. తీగపందిరి గారూ, మీ గూటి కన్నం ఎంత? కింద నిలబడటానికి పుల్ల ఉందా?

అడగడానికి కారణం ఉంది. ఒకప్పుడు నేను కొట్లో ముచ్చటగా కనబడిందని రంగుల గూడు కొన్నాను. రేకు కప్పు, కన్నం కింద చిన్న పుల్ల, లోపల నున్నటి పల్చటి చెక్క. పిచ్చుకలు దిగాయి, నా ఆనందానికి హద్దు లేదు. ఎండ ముదిరిన ఒక మధ్యాహ్నం లోపలి నుంచి అరుపులు ఆగిపోయాయి. నిచ్చెన వేసి రేకు ఎత్తబోతే చెయ్యి చుర్రుమంది. మూడు పిల్లలు, మూడూ కన్నం వైపే మెడలు చాచి ఉన్నాయి. ఆ తర్వాత గూళ్లు నేనే కోసుకుంటున్నాను.

పిచ్చుకకి కన్నం 32 మిల్లీమీటర్లు చాలు. ఇంకా పెద్దది చేస్తే గోరింక చొరబడి గుడ్లు బయటికి నెట్టేస్తుంది. చెక్క కనీసం 15 మిల్లీమీటర్ల మందం ఉండాలి, రంగు బయటే, లోపల గరుకుగా వదిలేయాలి, లేకపోతే పిల్లలు పైకి పాకలేవు. పై అంచున గాలికి సందు, అడుగున నీళ్లు పోవడానికి నాలుగు చిల్లులు. మిట్టమధ్యాహ్నం ఎండ తగలని గోడ చూడండి. పుల్ల మాత్రం వద్దు. తొర్రలో కాపురం చేసే పిట్టకి అది అక్కర్లేదు, పిల్లలకోసం వచ్చే కాకికి అది కుర్చీ.

గువ్వలు, తేనెపిట్టలు, బుల్‌బుల్‌లు పెట్టెలో దిగవు. వాటికి కొమ్మలే కావాలి, అక్కడ ముళ్లపొద గారితో నాకు పేచీ లేదు.

ముళ్లపొద:

హమ్మయ్య, ఒకరు ఒప్పుకున్నారు. అయినా పెట్టె ఎందుకు కావాల్సి వచ్చింది? ఎండిన కొమ్మ కనబడగానే కొట్టేస్తున్నాం కాబట్టి. తొర్ర పడేది అందులోనే. కూలి ఎవరి మీదా పడదనుకుంటే ఒక మోడుని అలా ఉండనివ్వండి.

గింజలసంచి గారికి బాల్కనీలో చెట్టు వద్దు సరే, నీళ్లు పెట్టొచ్చుగా. రెండంగుళాలు మించని లోతు, గరుకు అడుగు, రోజూ మార్చాలి. గింజ ముట్టని పిట్టలు కూడా నీళ్లకి వస్తాయి.

గింజలసంచి:

నీళ్లు పెడతాను. గొట్టం ఫీడర్ కూడా పెడతాను, రోజుకి సరిపడా మాత్రమే పోసి వారానికోసారి కడుగుతాను. మానేయమంటే మాత్రం మానను.

తీగపందిరి:

మూడు వారాలైంది, అప్‌డేట్ ఇద్దామని వచ్చాను. జబ్బు పిట్ట మళ్లీ కనబడలేదు. పళ్లెం విరగ్గొట్టేశాను. గొట్టం ఫీడర్ కొని పెట్టుకున్నాను గానీ ఇంకా వేలాడదీయలేదు, ఆక్లాండ్ మాట మనసులో మెదులుతోంది. ఇంట్లో వాళ్లేమో ఇప్పుడు "పిట్టలు రావట్లేదేం, పెట్టవా?" అని అడుగుతున్నారు!

రంపంపొట్టు గారూ, నా గూటికి పుల్ల ఉంది, కోసేశాను. కన్నం పెద్దదిగా ఉంటే, 32 మిల్లీమీటర్ల చిల్లున్న చెక్కపలక దాని మీద బిగించాను. నాలుగో రోజున ఒక ఆడ పిచ్చుక వచ్చి, పుల్ల ఉండే చోట కాలు పెట్టబోయి జారింది. గోడ మీదికి వెళ్లి కాసేపు కూర్చుని, మళ్లీ ఎగిరి ఈసారి తిన్నగా కన్నంలోకి దూరింది. ఇప్పుడు నోట గడ్డిపరకతో తిరుగుతోంది.